ఎన్ని గంటలకు? ఎంత లోతులో?

1937లో అమెరికా నౌకాదళానికి క్యూబా తీరంలోని గ్వాంటనామో దగ్గర ఒక చిక్కు వచ్చిపడింది. శబ్దం సాయంతో జలాంతర్గాములను పసిగట్టే సోనార్ పొద్దున పూట భేషుగ్గా పనిచేసేది. మధ్యాహ్నం దాటేసరికి అదే యంత్రం, అదే సముద్రం, కానీ దగ్గర్లో ఉన్న జలాంతర్గామి కూడా దొరికేది కాదు. భోజనం చేసి ఆపరేటర్లు కునుకు తీస్తున్నారేమోనని అనుమానించినవాళ్లూ ఉన్నారట. ఏ దేశంలోనైనా ముందు నింద పడేది కింది ఉద్యోగి మీదే కదా!

ఉడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన కొలంబస్ ఐసెలిన్ ‘అట్లాంటిస్’ అనే పరిశోధక నౌకలో వెళ్లి నీటి ఉష్ణోగ్రతలు కొలిచాడు. అసలు దోషి ఎండ అని తేలింది. మధ్యాహ్నానికి పైనున్న కొద్ది మీటర్ల నీరు డిగ్రీయో రెండు డిగ్రీలో వేడెక్కుతోంది. వెచ్చటి నీటిలో ధ్వని వేగంగానూ, చల్లటి నీటిలో నెమ్మదిగానూ పోతుంది. అందుకని సోనార్ శబ్దం నేరుగా సాగకుండా కిందికి వంగిపోతోంది. ఆ వంపు అవతల జలాంతర్గామి నిశ్చింతగా ఉంటుంది. నావికులు దీన్ని ‘మధ్యాహ్న ప్రభావం’ అన్నారు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ అనే శాస్త్రవేత్త బాతీథర్మోగ్రాఫ్ అనే పరికరానికి రూపం ఇచ్చాడు. తాడు కట్టి ఓడ మీంచి నీళ్లలోకి వదిలే లోహపు గొట్టం అది. లోపల మసి పట్టించిన చిన్న గాజు పలక, దాని మీద ఒక సూది మొన. గొట్టం దిగుతున్నకొద్దీ సూది ఆ మసి మీద గీత గీస్తుంది. ఒక దిక్కున లోతు, మరో దిక్కున ఉష్ణోగ్రత. గాలి గట్టిగా వీచిన రోజున గీత పైభాగం నిటారుగా ఉంటుంది, అంటే నీరు బాగా కలిసిపోయిందన్నమాట. గాలి పడిపోయి ఎండ కాసిన రోజున గీత పైకొస వేడి వైపుకు ఒరిగిపోతుంది. బ్యాటరీ లేదు, తెర లేదు. అయినా ఆ పూట సముద్రం సంగతి పలక మీద చదువుకోవచ్చు.

ఎండ తెచ్చే శక్తిలో సగానికి పైగా మొదటి మీటరులోనే ఇంకిపోతుంది. వేడెక్కిన నీరు తేలికవుతుంది కనుక పైనే నిలుస్తుంది. చలికాలం బకెట్లో హీటర్ పెట్టినవాళ్లకు ఇది తెలుసు: పైన చెయ్యి కాలుతుంది, అడుగున నీళ్లు చల్లగానే ఉంటాయి. చెయ్యి పెట్టి కలిపే పని సముద్రంలో గాలిది. ఆకు కదలని రోజున పైపొర రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గంటకు పాతిక కిలోమీటర్ల గాలి వీస్తే ఆ తేడా డిగ్రీలో ఏ రెండు మూడు పదో వంతులకో దిగిపోతుంది. గాలి వేగం రెట్టింపైతే నీటిని కలిపే శక్తి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది మరి. పొద్దు వాలాక గాలి లేకపోయినా కలిపే పని ఆగదు. పైనీరు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. తెల్లవారేసరికి పగటి వేడి పొర దాదాపు చెరిగిపోతుంది.

ఇలా గంటకూ లోతుకూ మారిపోయే వేడిని కొలవడమే కష్టం, పైగా కొలిచే తీరును బట్టి కూడా అంకె మారుతుంది. నావికులు చాలాకాలం సముద్రపు నీటిని బకెట్‌తో చేది, అందులో థర్మామీటర్ ముంచి చూసేవారు. గుడ్డ బకెట్ అయితే డెక్ మీదికి వచ్చేలోపే నీరు ఆవిరై కాస్త చల్లబడేది. ఇంజన్‌ను చల్లబరచడానికి ఓడ లోపలికి లాగే నీటిని కొలిస్తే అంకె కాస్త ఎక్కువ వచ్చేది. రెండో ప్రపంచయుద్ధంలో రికార్డులు ఎక్కువగా అమెరికన్ ఓడల ఇంజన్ కొలతలు. 1945 ఆగస్టు తర్వాత వాటి వాటా పడిపోయి బ్రిటిష్ బకెట్ కొలతలు పెరిగాయి. దాంతో కాగితం మీద ప్రపంచ సముద్రాలు ఉన్నట్టుండి 0.3 డిగ్రీ చల్లబడ్డాయి! ఈ గుట్టు 2008లో ‘నేచర్’ పత్రికలో బయటపడింది.

ఉపగ్రహాలు వచ్చాక చిక్కు తీరిందా అంటే, లేదు, మారింది. పరారుణ కిరణాలతో చూసే ఉపగ్రహానికి కనబడేది మిల్లీమీటరు మందం కూడా లేని పైచర్మమే. దాని కిందే తేలియాడే బోయా మీటరు లోతున మరో అంకె చెబుతుంది. రెండూ నిజాలే. అందుకే నిపుణులు పగటి వేడి సోకని రాత్రి కొలతలకే మొగ్గు చూపుతారు.

బంగాళాఖాతంలో ఈ లెక్క మరింత సున్నితం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, గోదావరి, కృష్ణ తెచ్చిన మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. వర్షాకాలం తర్వాత అది పైన పల్చగా పరుచుకుని గాలికి అడ్డం పడుతుంది. తుపాను కలిపినా అడుగు చల్లదనం పైకి రావడం కష్టం. రుతుపవనాలకు ముందు వచ్చే తుపాన్లతో పోలిస్తే, తర్వాత వచ్చేవి సముద్రాన్ని చల్లబరచేది చాలా తక్కువ. తుపానుకు మేత ఈ వెచ్చదనమే. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మత్స్యకారులకు ఇచ్చే చేపల జాడ సూచనలకూ నీటి ఉష్ణోగ్రతే ఒక ఆధారం.

కాబట్టి ఈ పత్రికతో సహా పత్రికలన్నిటికీ ఒక విన్నపం. తుపాను వార్తలో ‘సముద్రం 30 డిగ్రీలు’ అని అచ్చువేసేటప్పుడు పక్కనే ఎన్ని గంటలకు, ఎంత లోతులో కొలిచారో కూడా వేయండి. అరలైను చాలు.