మధ్యలో పెట్టిన పళ్ళెం

బొంబాయి తెలుగువాళ్ళు బయట తినడం నేర్చుకున్నది డబ్బులెక్కువై కాదు, ఇంట్లో చోటు లేక. వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు బీడీడీ చాళ్ళలో ఒక్కో ఖోలీ, అంటే ఒక్క గది ఇల్లు, 160 చదరపు అడుగులు. మా కామాఠిపురా గల్లీల్లో అంతకన్నా ఇరుకు ఖోలీలూ ఉన్నాయి. పొయ్యి, పరుపులు, పిల్లల పుస్తకాలు, దేవుడి పటం అన్నీ అందులోనే. ఊరినుంచి ఇద్దరు చుట్టాలొస్తే మగవాళ్ళు వరండాలో పడుకోవాల్సిందే. ఇక దోస్తులను భోజనానికి పిలిస్తే ఎక్కడ కూర్చోబెడతాం? అందుకే మేం ‘ఇంటికి రా’ అనేవాళ్ళం కాదు, ‘నాగ్‌పాడాకు పోదాం పా’ అనేవాళ్ళం.

ఇలా హోటళ్ళకు పోవడానికి ముందు మిల్లుల చుట్టుపక్కల ఖానావళి ఉండేది. కరీంనగర్, నల్లగొండ వైపు మగ్గాలు కూడు పెట్టక బొంబాయి మిల్లుల్లో చేరిన పద్మశాలీలు చాలామంది పెళ్ళాం పిల్లలను ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళే. నెలకింతని కట్టి ఏదో ఒక ఇంటి ఇల్లాలి చేతి వంట తినేవారు. షిఫ్టు దిగి పదిమంది వరుసగా నేలమీద కూర్చుంటే, ఆమె రొట్టెలు కాలుస్తూనే ఉండేది. ఆ చాకిరీని పనిగా గుర్తించిన వాళ్ళు తక్కువ. ప్రేమా పురవ్ 1975లో అలాంటి ఆడవాళ్ళను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టింది. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనుక రెండున్నర లక్షల మంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత చాలా మిల్లుల తలుపులు మళ్ళీ తెరుచుకోలేదు. నెల కట్టేవాళ్ళలో ఎందరో ఊళ్ళకు మళ్ళారు.

మా కామాఠిపురా మేస్త్రీల పేట. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి, పల్లపు నేల ఆరి, ఊరు ఉత్తరానికి పెరుగుతుంటే, నిజాం రాజ్యం నుంచి రాళ్ళు మోయడానికీ గోడలు కట్టడానికీ వచ్చిన తెలుగువాళ్ళు స్థిరపడ్డ చోటు. చుట్టూ నాగ్‌పాడా ముస్లింలు, ఒకప్పుడు బైకుల్లా యూదులు, శుక్లాజీ వీధి చీనావాళ్ళు. మూలమీది స్థలం అచ్చిరాదని హిందూ వ్యాపారులు వదిలేస్తే ఇరానీలు అక్కడే హోటళ్ళు పెట్టారంటారు. ఉర్దూ కథకుడు సాదత్ హసన్ మంటో ఈ చుట్టుపక్కలే మసలి, ఫారస్ రోడ్డునూ ఇక్కడి ఇరానీ హోటళ్ళనూ కథల్లోకి తెచ్చాడు. కామాఠిపురా అనగానే బయటివాళ్ళకు తట్టేది ఒళ్ళమ్ముకునే వ్యాపారం ఒక్కటే. ఇక్కడ సంసారాలున్నాయని, పిల్లలు చదువుకుంటున్నారని, సాయంత్రమైతే మనుషులు కలిసి అన్నం తింటారని చెప్పుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే.

నాగ్‌పాడాలో పోలీసు ఠాణా దగ్గరి సర్వీ హోటల్ మా అడ్డా. బొగ్గులమీద సీఖులు తిప్పే మనిషి కండ ఎండిపోయేదాకా ఆగడు. పైన తడి ఆరి, ఇంకా రసం చిమ్ముతుండగానే దింపి, వేలికి గుడ్డ చుట్టుకుని ఒక్క తోపుతో కబాబును పళ్ళెంలోకి జారుస్తాడు. పక్కన ఉల్లిపాయ, పుదీనా చట్నీ. పళ్ళెం బల్ల మధ్యలోకి వస్తుంది, ఎవరి ముందుకూ కాదు. ఒకడు రొట్టె తుంచి అందరి ముందూ ముక్కలు వేస్తాడు. ఆ పని ఎప్పుడూ ఒకే మనిషిది, ఎవరూ అప్పగించలేదు. ఒకేసారి అంతా చెప్పం. రెండు పళ్ళేలు తెప్పించి, అవి అయిపోతుండగా ఇంకో రెండు. అప్పుడే వేడి తగ్గదు, మాటా తెగదు. మాలో పెద్దకూర ముట్టనివాడు ఒకడున్నాడు. వాడికి వేరే పళ్ళెం వస్తుంది, వాడి రొట్టె వాడి పక్కనే ఉంటుంది, దానిమీద ఎవరూ మాట తూలరు. పద్మశాలీ, మాదిగ, మున్నూరు కాపు, నాగ్‌పాడా ముస్లిం ఒకే బల్లకు కూర్చోవడం మా తాతలకు అంత సులువుగా దొరికింది కాదు. జ్యోతిరావు ఫూలే 1873లో కులాల హెచ్చుతగ్గులను ఎదిరించే సత్యశోధక్ సమాజ్ పెట్టాక బొంబాయిలో ఆయనకు అండగా నిలిచినవాళ్ళలో వెంకు బాలాజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు లాంటి తెలుగువాళ్ళున్నారు. మా బల్ల వాళ్ళు వేసిన దారిలోనే ఉందని నేను నమ్ముతాను.

ఈమధ్య మా తమ్ముడి కూతురు మమ్మల్ని బాంద్రాలో ఒక కొరియా హోటల్‌కు తీసుకుపోయింది. ఆ దేశపు సీరియళ్ళు చూసి చూసి ఆ పిల్లకు వాళ్ళ తిండి మర్యాదలన్నీ నోటికొచ్చు. మన అనంతపురం వైపు పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ నడవడం మొదలయ్యాక, అక్కడి కొరియావాళ్ళ కోసం వాళ్ళ భోజనశాలలు వెలిశాయి. అక్కడ పల్లెటూరివాళ్ళు కూడా కిమ్చీ రుచి చూశారు. మాకే అది కొత్త.

ఆ బాంద్రా హోటల్లో బల్ల మధ్యలోనే నిప్పు. పచ్చి మాంసం పలచని ముక్కలు దానిమీద పరచి, కాలాక కత్తెరతో కత్తిరిస్తారు. సలాడ్ ఆకులో ఒక ముక్క, కాల్చిన వెల్లుల్లి, కారపు ముద్ద పెట్టి, మడిచి ఒకే బుక్కలో నోట్లో పెట్టుకోవాలి. చుట్టూ చిన్న చిన్న గిన్నెల్లో మొలకలు, ముల్లంగి, పులిసిన క్యాబేజీ కిమ్చీ. అయిపోతే అడగకుండానే మళ్ళీ నింపారు. కారం తగలగానే మా వాళ్ళ మొహాలు వికసించాయి. మిరపకాయ వాళ్ళకూ మనకూ సముద్రం దాటి వచ్చిందే, ఇద్దరికీ 16వ శతాబ్దానికి ముందు తెలియనిదే.

మా రొట్టె తుంచే దోస్తు సోజూ అనే కొరియా సారా సీసా అందుకుని తన గ్లాసులో పోసుకోబోతే పిల్ల ఆపింది.

“కాకా, మీ గ్లాసు మీరు నింపుకోవద్దు. పక్కవాళ్ళకు మీరు పొయ్యాలె, మీకు వాళ్ళు పోస్తరు.”

అది విని వాడు సీసా నా వైపు తిప్పాడు. పెద్దవాళ్ళు చెంచా ఎత్తేదాకా చిన్నవాళ్ళు ఆగాలని, పెద్దల ముందు తాగాల్సి వస్తే మొహం పక్కకు తిప్పుకోవాలని ఆమె చెబుతుంటే మాకు నవ్వు రాలేదు. తండ్రి వస్తుంటే బీడీ వెనక్కి దాచిన తరం మాది. నచ్చింది ఆ మర్యాదలొక్కటే కాదు. అక్కడ ఒక్కడే కూర్చుని తినడం కుదరదన్నట్టు వంటను తయారు చేశారు. ముక్క తిప్పేవాడొకడు, కత్తిరించేవాడొకడు, ఆకు మడిచి పక్కవాడికి అందించేవాడొకడు. తిండిలోనే పనిని పంచేశారు.

2025 ఆగస్టులో వర్లీ బీడీడీ చాళ్ళ తొలి 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల కొత్త ఇళ్ళ తాళాలిచ్చారు. నాకెంతో సంతోషం. రాత్రి సొంత గదిలో తలుపు వేసుకుని పడుకోవడం, కుళాయి దగ్గర వరుస కట్టకపోవడం, తరతరాలుగా దొరకని సుఖం. కానీ ఆ ఇళ్ళలో భోజనాల బల్ల చుట్టూ నలుగురే పడతారు, వాళ్ళూ ఫోన్‌లో తెప్పించిన పార్శిల్ ఎవరి డబ్బా వాళ్ళు విప్పుకుంటారు. కామాఠిపురాకూ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా పునర్నిర్మాణం వస్తోంది. గల్లీ సభల్లో పార్కింగ్ గురించి, ఎన్నో అంతస్తు దొరుకుతుందన్న దాని గురించి గట్టిగా అడుగుతున్నారు, అడగాల్సిందే. దానితోపాటు నేల అంతస్తులో చిన్న హోటళ్ళకూ, రొట్టె కాల్చే ఆడవాళ్ళ ఖానావళ్ళకూ, సీఖులు తిప్పేవాళ్ళకూ పాతవాళ్ళు మోయగలిగిన కిరాయికి చోటు రాసివ్వమని అడగాలి. పొగ పోయే గొట్టం, నీళ్ళు, అర్ధరాత్రి దాకా తెరిచి ఉంచే అనుమతి నక్షాలోనే ఉండాలి. నక్షా ఖాయమయ్యాక అడిగితే లాభం లేదు.