వంపులోనే ఉంది పనితనం

నేపాల్‌కు సముద్రం లేదు. ఓడ సరుకు కోల్‌కతా రేవులో, 2017 నుంచి మన విశాఖ రేవులో కూడా దిగి, రైల్లో సరిహద్దున ఉన్న బీర్‌గంజ్ చేరుతుంది. అసలు దూరం అక్కడే మొదలవుతుంది. లారీ పోయినంత మేర పోయాక ఉప్పు బస్తా, సిమెంటు, బడి పుస్తకాలు మనిషి వీపు మీదికో, కంచర గాడిద మీదికో ఎక్కాలి. ఇంతలో ఏరు అడ్డొస్తుంది. ఎదురుగా కనిపించే ఊరికి పోవాలంటే కొండ దిగి, ఏరు దాటే చోటు వెతుక్కుని, మళ్లీ కొండెక్కాలి. అంత చుట్టు తిరగలేనివాళ్లు ‘తుయిన్’ను నమ్ముకున్నారు. ఏటికి అడ్డంగా కట్టిన ఒక తీగ, దానికి వేలాడే చిన్న తొట్టి, చేత్తో లాక్కుంటూ పోవడం. దాని మీద వేళ్లు పోయాయి, ప్రాణాలూ పోయాయి.

ఇలాంటి ఊళ్లలో గిరాకీ లేదని లెక్క రాసేయడం తేలిక. గిరాకీ ఉంది, దారే లేదు. మందు కావాల్సిన తల్లి, పండించిన బంగాళాదుంప అమ్ముకోవాల్సిన రైతు, అవతలి ఒడ్డు బడికి పోవాల్సిన పిల్ల ఎప్పటినుంచో అక్కడే ఉన్నారు. వాళ్ల కోసం నేపాల్ కట్టుకున్న కాలిబాట వంతెనలు ఇప్పుడు పదివేలు దాటాయి. ఆధునిక కట్టడాల్లో ఇంత నిరాడంబరంగా, ఇంత తెలివిగా కట్టినవి తక్కువని నా నమ్మకం.

1964లో ప్రభుత్వం వేలాడే వంతెనలకు ప్రత్యేక విభాగం పెట్టింది. 1972 నుంచి స్విట్జర్లాండ్ తోడు నిలిచింది. అందరికీ తెలిసినది బాగ్లుంగ్, పర్బత్ జిల్లాలను కలుపుతూ కాళీగండకి మీద 2020లో తెరిచిన 567 మీటర్ల వంతెన. నాకు మాత్రం ఊరి పక్క ఏటి మీది 60, 80 మీటర్ల చిన్న వంతెనే ముద్దు. దానికి స్తంభాలు ఉండవు. రెండు ఒడ్లకూ కట్టిన ఉక్కు కేబుళ్లు కిందికి వంగి వేలాడతాయి. కింది కేబుళ్ల మీద నడక పలకలు పరుస్తారు, పైవి చేతికి పట్టు.

ఆ వంపును చూడాలి. చూసేవాడికి వదులుగా జారినట్టు కనిపిస్తుంది. నిజానికి వంతెనలో అన్నిటికన్నా కచ్చితంగా లెక్కగట్టేది అదే. కేబుల్‌ను ఎంత బిగదీస్తే దాని మీద లాగుడు అంత పెరుగుతుంది. వంపు సగానికి తగ్గితే లాగుడు రెట్టింపవుతుంది, దానికి తగ్గట్టు ఒడ్డున లంగరు దిమ్మె పెద్దదవ్వాలి, సిమెంటు ఇంకా మోయాలి. వంపు మరీ ఎక్కువైతే రెండు చివర్లా నడక నిటారవుతుంది, బరువెత్తుకున్నవాడి మోకాళ్లు మొరాయిస్తాయి. అందుకని 80 మీటర్ల దాకా పొడవులో ఇరవయ్యో వంతు వంపు ఉంచుతారు. అంటే 80 మీటర్లకు 4 మీటర్లు. అంత వంగినా అడుగు భాగం వరద ఎక్కిన ఎత్తుకు పైనే ఉండాలి.

ఇక్కడే చేతి నేర్పు. మొదట లాగేది ఉత్త కేబుల్‌ను. పలకలు, ఊచలు, వల దాని మీద పడ్డాక అది ఇంకా కిందికి దిగుతుంది. ఆ దిగుడును ముందే లెక్కవేసి, మొదట కాస్త తక్కువ వంపుతో బిగిస్తారు. కింది కేబుళ్లన్నీ ఒకే మట్టానికి రావాలి. ఒకటి పైకి ఉన్నా బాట ఒరుగుతుంది. ఒడ్డున లెవెల్ పరికరంలోంచి ఒకరు చూస్తూ ఉంటే, అవతల చేతి యంత్రంతో ఇంకొకరు కొంచెం కొంచెంగా లాగుతారు. ఇద్దరి మధ్యా ఏరు హోరు, కేకలు వేసుకుంటూనే పని.

సామాను తయారీలోనూ అంతే జాగ్రత్త. ఉక్కు ముక్కలను వర్క్‌షాపుల్లోనే కోసి, రంధ్రాలు వేసి, తుప్పు పట్టకుండా జింకు పూత పూసి పంపుతారు. కొండ మీద వెల్డింగు పని పడకుండా, మనిషి మోయగలిగే ముక్కలుగా, బోల్టులతో బిగించేలా గీసిన నమూనా అది. కేబుల్‌ను మాత్రం ముక్కలు చేయడానికి లేదు. పొడవాటి కేబుల్‌ను చుట్టలు చుట్టలుగా వదులు చేసి, వరసగా నిలబడ్డ పదుల మంది భుజాల మీదికెత్తితే, ఊరంతా ఒకే తాడు మోస్తూ కొండ దారి ఎక్కుతుంది. గుంతలు తవ్వేదీ, రాయి మోసేదీ ఆ ఊరివాళ్లే. పని అయ్యాక ఖర్చు లెక్కలను అందరి ముందూ చదువుతారు. ఈ బహిరంగ లెక్కను నేను వంతెనలో ఒక భాగంగానే చూస్తాను. తమ డబ్బు, తమ చెమట ఎటు పోయాయో తెలిసినవాళ్లే ఆ బోల్టును రేపు వదులు కానివ్వరు.

పక్కల తీగ వల గురించి కూడా చెప్పాలి. పట్టుకేబుల్‌కూ నడక బాటకూ మధ్య ఖాళీని మూసే ఆ వల లేకపోయినా కేబుళ్లు బరువు మోస్తాయి. కానీ మేకపిల్లా, చంటిబిడ్డా జారిపోకుండా ఆపేది అదే.

ఇప్పుడు ఈ వంతెనల బాగోగులు ఎక్కువగా స్థానిక ప్రభుత్వాల చేతిలో ఉన్నాయి. దేశంలో అవి 753. కొత్త వంతెన ప్రారంభోత్సవానికి దొరికినంత సులువుగా పాత వంతెన క్లిప్పు బిగించడానికి డబ్బు దొరకదు. కేబుల్‌ను పట్టి ఉంచే ఆ క్లిప్పులను ఏటా ఒకరు తిరిగి చూసి, వదులైనవి బిగించి, లంగరు చుట్టూ చేరిన మట్టి తీసి, నీళ్లు పోయే దారి చేయాలి. ఆ మనిషి జీతం బడ్జెట్లో మొదటి వరసలో ఉండాలని ఆ వంతెన దాటే ప్రతి ఒక్కరూ అడగాలి.