అసలు లటాకియా, అసలు పెరీక్

ప్రాంతం పేరు మీద బతికే పైపు పొగాకులు కొన్నే ఉన్నాయి. వాటిలో రెండింటికి అభిమానులెక్కువ. ఒకటి సిరియా తీరంలోని లటాకియా రేవు పేరు మోస్తున్న పొగ పట్టిన ఆకు. రెండోది అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సెయింట్ జేమ్స్ పారిష్‌లో పీపాల్లో ఊరే పెరీక్. రెండూ నల్లటివే, రెండూ అరుదైనవే. రెండింటినీ విడిగా కాల్చేవాళ్లు తక్కువ. వర్జీనియా ఆకులోనో, తూర్పు మధ్యధరా ప్రాంతపు సన్నాకులోనో కలిపి వాడతారు. ఏది చేతికొచ్చినా రసికుడికి కలిగే అనుమానం మాత్రం ఒకటే: ఇది అసలుదేనా?

ఈ అనుమానానికి లటాకియా ఇచ్చే జవాబు వేరు, పెరీక్ ఇచ్చే జవాబు వేరు. లటాకియాను తయారుచేసే పద్ధతి పుట్టిన ఊరు వదిలి వెళ్లిపోయింది. పెరీక్ పద్ధతి పుట్టిన ఊళ్లోనే ఉండిపోయింది, ఆకే బయటినుంచి వచ్చి చేరింది. అసలుతనం మట్టిలో ఉందా, చేతిపనిలో ఉందా, పేరులో ఉందా అని తేల్చుకోవడానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

లటాకియా గుణమంతా పొగలోనే ఉంది. ఎండలో ఆరిన ఆకును మూసిన కొట్టంలో వేలాడదీస్తారు. కింద కట్టెలను మంట లేవనివ్వకుండా రాజేసి, వారాల తరబడి పొగ పట్టిస్తారు. ఒక ఏడాది మిగిలిపోయిన పంటను రైతులు ఇంటి దూలాలకు కట్టి ఉంచారనీ, చలికాలపు పొయ్యి పొగకు అది నల్లబడి కొత్త వాసన పట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. సిరియా లటాకియాకు షెక్-ఎల్-బింట్ అనే రకం ఆకు వాడేవారు. పొగకు అలెప్పో పైన్, ఓక్ జాతుల కట్టె ప్రధానం. దేవదారు, జునిపర్ కూడా కొంత కలిసేవి. పొగ పట్టడానికి 13 నుంచి 15 వారాలు పట్టేది. అంటే అది ఆకు ఎంతో, చుట్టుపక్కల అడవి కూడా అంతే.

అడవి తరిగిపోవడమే సిరియాలో ఈ పనికి గండి కొట్టిందని పొగాకు వ్యాపారులు చెబుతారు. 20వ శతాబ్దంలో బేరం సైప్రస్‌కు మళ్లింది. ఆ ద్వీపంలో ఈశాన్యాన ఉన్న కర్పాస్ ప్రాంతం, అందులోని యాలూసా ఊరు పొగాకు సాగుకు పేరుపొందాయి. సైప్రస్‌లో ఆకు మారింది, స్మిర్నా జాతి వచ్చింది. కట్టె మారింది, మస్తకి పొద ముఖ్యమై, మిర్టిల్, స్టోన్ పైన్, సైప్రస్ చెట్టు కొద్దికొద్దిగా చేరాయి. నేల ఎలాగూ మారింది. మిగిలినవి రెండే: పొగ పట్టించే పద్ధతి, లటాకియా అనే పేరు. 2011లో సిరియాలో యుద్ధం మొదలైంది. ఇప్పుడు పైపు పొగాకు డబ్బాల్లో కనిపించే లటాకియా దాదాపు అంతా సైప్రస్ రకమే.

పెరీక్ కథ నది ఒడ్డున మొదలవుతుంది. న్యూఆర్లీన్స్‌కూ బాటన్ రూజ్‌కూ నడుమ, మిసిసిపీ వేసిన ఒండ్రు మీద, గ్రాండ్ పాయింట్ పరిసరాల్లో ఈ ఆకు పండుతుంది. అక్కడి చోక్టా, చికసా తెగల వాళ్లు పొగాకును అదిమి ఊరబెట్టేవారనీ, 1824లో పియెర్ షెనే అనే రైతు ఆ పద్ధతిని వ్యాపార పంటగా మలిచాడనీ చెబుతారు. మొక్క తల తుంచి, పిలకలు గిల్లి, కాండానికి డజను ఆకుల దాకా మాత్రమే ఉంచుతారు. కోసిన మొక్కను కొట్టంలో ఆరబెట్టి, ఆకుకు తడి తగిలించి, ఈనె తీసి, చుట్టలుగా చుట్టి ఓక్ పీపాల్లో కూరతారు. పైన స్క్రూ జాకీ పెట్టి బిగిస్తారు. ఒత్తిడికి ఆకు తన రసంలో తానే మునిగి, గాలి తగలకుండా పులుస్తుంది. నడుమ కనీసం మూడుసార్లు ఆకును బయటికి తీసి, గాలి తగిలించి, మళ్లీ బిగిస్తారు. మొత్తం ఏడాది పని. యంత్రం చేయగలిగింది ఇందులో చాలా తక్కువ.

అందుకే సాగు కుంచించుకుపోయింది. సెయింట్ జేమ్స్‌లో చెరకు పెరిగింది, నది వెంట రసాయన కర్మాగారాలు లేచాయి, పెరీక్ వేసే రైతులు 20వ శతాబ్దం చివరికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. గిరాకీకి సరిపడా ఆకు లేక, కెంటకీ రాష్ట్రపు గ్రీన్ రివర్ బర్లీని తెచ్చి అవే పీపాల్లో అదే తీరున ఊరబెట్టారు. స్థానిక ఆకుతో దాన్ని కలిపిన మిశ్రమానికి అకేడియన్ పెరీక్ అనే పేరు పెట్టారు. ఊరు అదే, పీపా అదే, పని చేసే చెయ్యి అదే. ఆకులో కొంత భాగం మాత్రం వేరే రాష్ట్రపు పొలంలో పెరిగింది.

పొగాకు ఏ రూపంలో తాగినా ఒంటికి చేటేనన్న మాట ఇక్కడ మరువకూడదు. నేను వీటిని రుచి చూసింది అలవాటు కోసం కాదు, పేరుకూ సరుకుకూ ఉన్న సంబంధాన్ని పరీక్షించడానికి.

సైప్రస్ లటాకియా డబ్బా తెరవగానే వాసన గుప్పుమంటుంది. తోలు, సాంబ్రాణి, ఆరిన నెగడు కలిసిన వాసన. కాలితే పొగ చిక్కగా, నున్నగా, కొంచెం తియ్యగా ఉంటుంది. సిరియాదని పేరు రాసిన పాత నిల్వ ఆకు ఇంత మృదువుగా లేదు. కాస్త పొడిగా, పదునుగా ఉంది. తీపికి బదులు ద్రాక్షసారాయిని తలపించే పులుపు నాలుక అంచుల్లో నిలిచింది. ఈ తేడా నాకు స్పష్టంగానే తెలిసింది. అయినా దాన్ని బట్టి రెండోది సిరియాదేనని ప్రమాణం చేయలేను. లటాకియా వాసన ఏళ్ల నిల్వలో మెత్తబడుతుంది. బాగా పాతబడిన ఆకులో నేను గుర్తించిన తేడా కట్టెదా, కాలానిదా? రెండూ కలిసిపోయాక విడదీసే శక్తి ముక్కుకు లేదు.

పెరీక్‌లలో ఈ చిక్కు ఇంకా లోతుగా ఉంది. సెయింట్ జేమ్స్ ఆకని చెప్పిన నమూనాలో ఎండిన అంజూరం, రేగు, మిరియం వరసగా తగిలాయి, వాటి కింద పీపా పులుపు ఉంది. మిశ్రమంలో మిరియం ఘాటు అలాగే ఉంది కానీ పండు వాసన పలచబడింది, దాని చోట బర్లీకి సహజమైన గింజల రుచి వచ్చింది. విడివిడిగా కాలిస్తే ఈ తేడా పట్టుకోవచ్చు. కానీ వర్జీనియాలో పదో వంతు కలిపితే నాకు ఆ తేడా అందలేదు. ఏడాది ఊరిన ఆవకాయ ముక్క తిని కాయ ఏ తోటదో చెప్పమంటే ఎంత కష్టమో, పీపాలో ఏడాది పులిసిన ఆకు పొలం చెప్పడం అంత కష్టం. పెరీక్ వాడకమంతా ఇలాంటి మిశ్రమాల్లోనే కాబట్టి, మామూలు వినియోగదారుకు పొలాన్ని పట్టుకునే అవకాశమే లేదు.

గోదావరి లంకల్లో పండిన ఆకుతో చేసిన చుట్టకు 19వ శతాబ్దంలో ఇంగ్లండు దాకా పేరుండేది. 1890లో వచ్చిన ఆర్థర్ కానన్ డాయిల్ నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ లంక చుట్టను ప్రస్తావిస్తాడు, బూడిద చూసి పొగాకు రకం చెప్పగలనంటాడు. నేరుగా ఆరబెట్టిన నాటు ఆకుకు ఆ మాట కొంత చెల్లవచ్చు. ఒండ్రు, ఎండ, నీరు తప్ప దాని మీద మరో ముసుగు లేదు. లటాకియా మీద పొగ ముసుగుంది, పెరీక్ మీద పులుపు ముసుగుంది. తయారీ ఎంత బలంగా ఉంటే నేల అంత లోపలికి దాక్కుంటుంది. ఈ రెండు పొగాకుల అసలుతనానికి నాలుకను ఒక్కదాన్నే సాక్షిగా నిలబెట్టడం అందుకే తప్పు.

అలాగని నేల లెక్కలోకి రాదనుకోవడం ఇంకా పెద్ద తప్పు. ఇక్కడ రెండు పొగాకులకూ ఒకే తీర్పు చెప్పలేం. సైప్రస్ లటాకియా నకిలీ కాదు. తన ఆకు, తన కట్టె, తన రుచి ఉన్న మరో సరుకు అది. సిరియా రకంతో పోల్చి తక్కువ చేయడం అన్యాయం, సిరియాదని చెప్పి అమ్మడం మోసం. ‘సైప్రస్ లటాకియా’ అని నిండుగా రాస్తే వివాదమే లేదు. ఊరు వదిలిన పద్ధతికి కొత్త చిరునామా కలపడం చాలు.

పెరీక్ విషయంలో మౌనం ఎక్కువ కీడు చేస్తుంది. ఎందుకంటే ఆ నేల ఇంకా బతికే ఉంది. సెయింట్ జేమ్స్ రైతు ఏడాది పొడుగునా చేతులు అరగదీసుకుని పండించి ఊరబెట్టిన ఆకుకూ, బయటినుంచి వచ్చి అవే పీపాల్లో ఊరిన ఆకుకూ ఒకే పేరు, ఒకే ధర దక్కితే, ఆ రైతు మరుసటేడు చెరకు వైపే చూస్తాడు. బర్లీని ఆ పీపాల్లో ఊరబెట్టడం తప్పు కాదు. ఆ పని చేతిపనిని బతికించింది, గిరాకీ తీర్చింది. అకేడియన్ అనే వేరు పేరు పెట్టడం కూడా నిజాయితీ గల పనే. ఆ వేరు పేరు డబ్బా మీదికి రాకుండా ఉత్త ‘పెరీక్’గా మారిపోతేనే దోషం.

కాబట్టి ఈ రెండు పొగాకుల ముందు నేను ‘ఇది అసలుదేనా’ అని అడగడం మానుకుని, మూడు విడి ప్రశ్నలు అడుగుతాను: ఆకు ఎక్కడ పండింది, ఎక్కడ తయారైంది, దేనితో తయారైంది. సైప్రస్ లటాకియా మూడింటికీ కొత్త జవాబులిస్తుంది. అది కొత్త సరుకుగా గౌరవం పొందాలి. అకేడియన్ పెరీక్ చివరి రెంటికీ పాత జవాబే ఇస్తుంది, మొదటిదానికి సగం జవాబిస్తుంది. ఆ సగం డబ్బా మీద అచ్చు కావాలి. గుంటూరు సన్నం మిర్చికీ బనగానపల్లె మామిడికీ భౌగోళిక గుర్తింపు కావాలని పట్టుబట్టి సాధించుకున్న మనకు ఈ వాదం పరాయిది కాదు. ఊరి పేరు పెట్టి అమ్మే ప్రతి సరుకూ, ఆ ఊళ్లో పండించే మనిషికి తన లాభంలో వాటా బాకీ ఉంటుంది. ఆ బాకీ తీర్చిన పొగాకునే నేను అసలుదంటాను.