చీటీ మీద రాసిన రుచి

ఒహాయోలో ఉన్న రోజుల్లో మా గరాజ్ మూలన ఒక పెద్ద స్టీలు గిన్నె, గ్యాసు పొయ్యి, మూతి సన్నటి రెండు గాజు జాడీలు ఉండేవి. శనివారం పొద్దున్నే మొదలుపెడితే మధ్యాహ్నానికి 5 గ్యాలన్ల బార్లీ రసం కాగి, చల్లారి, ఈస్టు కలుపుకునేది. అక్కడ అది తప్పు కాదు. 1978 అక్టోబరులో అమెరికా అధ్యక్షుడు కార్టర్ సంతకం పెట్టిన చట్టం ఇంటి వాడకానికి పన్ను లేకుండా బీరు కాచుకోనిచ్చింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. మరుసటి ఏడాదే కొలరాడోలో ఇంటి బీర్లకు జాతీయ పోటీ మొదలైంది.

నేను పోటీకి ఇచ్చిన మొదటి బీరు జర్మన్ పిల్స్. రెండు నెలలు చల్లగా మాగబెట్టాను. తాగిన స్నేహితులందరూ బ్రహ్మాండం అన్నారు. మన ఇంట్లో కూర్చుని మన చేత్తో ఇచ్చింది తాగేవాళ్లు ఇంకో మాట అనలేరు. పోటీలో ఆ మొహమాటం ఉండదు. సీసా మీద పేరుండదు, లేబులుండదు. రబ్బరు బ్యాండు కింద ఒక చీటీ, దాని మీద ఒక నంబరు. మూడు వారాలకు కవరు వచ్చింది. 50కి 28.

నన్ను పట్టుకున్నవి మార్కులు కావు, వాటి పక్కన ఉన్న చేతిరాత. ఆ 50లో వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటికి ఆనే తీరుకు 5, మొత్తం మీది అభిప్రాయానికి 10. ఒక్కోదాని పక్కన కొన్ని గీతలు, గీతల నిండా మాటలు. జడ్జీలిద్దరూ ఎవరికి వారు రాసుకున్నాకే నోరు విప్పుతారు. మార్కుల్లో 7కు మించి తేడా వస్తే మళ్లీ రుచి చూసి మాట్లాడుకుంటారు. నా కాగితాల్లో ఇద్దరూ ఒకే సంగతి రాశారు: ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసన. ఒకాయన కింద అడిగాడు కూడా: ‘మరిగేటప్పుడు మూత పెట్టారా?’

పెట్టాను. త్వరగా మరుగుతుందని సగం దాకా మూశాను. పిల్స్‌కు వాడే లేత రంగు మాల్టులోని ఒక పదార్థం వేడికి విడిపోయి ఆ వాసన పుట్టిస్తుంది. అది ఆవిరితో బయటికి పోవాలి. మూత ఉంటే ఆవిరి నీరై మళ్లీ గిన్నెలోకే జారుతుంది. ఉలవచారు మరుగుతుంటే మూత జోలికి వెళ్లనివ్వని మా అమ్మ గుర్తొచ్చింది. నా పొయ్యి మొహం చూడని మనిషి, రెండు గుక్కల్లో నా మూతను చూశాడు.

ఆ తర్వాత పోటీలకు సాయం వెళ్లడం మొదలుపెట్టాను. సీసాలు అందించడం, గ్లాసులు తియ్యడం, చెవులు అటు పెట్టడం. గాలి తగిలి పాతబడిన బీరును జడ్జీలు ‘తడిసిన అట్టపెట్టె’ అంటుంటే నాకు లోపల ముక్కిపోయిన బియ్యం వాసన తగిలేది. లోహపు రుచి అంటే చిలుమెక్కిన ఇత్తడి చెంబు. మాగకముందే సీసాకెక్కిన బీరును పచ్చి ఆపిల్ అనేవాళ్లు. మనం పచ్చివాసన అంటాం. మన వంటిళ్లలో ఈ మాటలకు కరువు లేదు. పొద్దుటి కల్లుకూ ఎండెక్కాక దించిన కల్లుకూ తేడా ఒక్క గుక్కలో చెప్పేవాళ్లున్న నేల ఇది. ఆ మాటలు కాగితం మీదికి ఎక్కవు, అదే నా బాధ.

విజయవాడ తిరిగొచ్చేటప్పుడు ఆ సామాను అక్కడే ఇచ్చేశాను. 1968 ఎక్సైజు చట్టం ప్రకారం మన దగ్గర లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచెయ్యడం నేరం. చెయ్యి ఊరుకోక, వేసవి వస్తే ఆవకాయ పెడుతున్నాను.

కిందటి వేసవిలో ఒక ఆవకాయ పోటీకి రుచి చూడటానికి రమ్మన్నారు. 23 జాడీలు. బెల్లం ఆవకాయ, పెసరావకాయ, మాగాయ అన్నీ ఒకే బల్ల మీద. ఇది మొదటి అన్యాయం. బీరు పోటీలో ఏ రకాన్ని ఆ రకంతోనే తూస్తారు. బెల్లం ఆవకాయను కారంలో తక్కువైందని తీసెయ్యడమేమిటి? మూడు బహుమతులిచ్చారు, ఫొటోలు దిగారు, అయిపోయింది. మిగిలిన ఇరవై మంది జాడీలు సర్దుకుంటున్నారు.

గుడివాడ వైపునుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి, “మాది ఎందుకు రాలేదు బాబూ?” అంది. కోపంగా కాదు, తెలుసుకుందామని. నా దగ్గర జవాబు లేదు. 23 రుచుల్లో ఆవిడది ఏదో నాకు గుర్తులేదు. చాలా సిగ్గేసింది. వాసెన విప్పమని చెప్పి, మంచినీళ్లు పుక్కిలించి, మళ్లీ తిన్నాను.

ముక్క బాగా నిలబడింది, పళ్ల కింద కరకరమంది, పెంకు ఊడలేదు. ఉప్పు సరిపోయింది. కారం మంచి ఎరుపు. కానీ మింగాక నాలుక వెనక చేదు అలాగే ఉండిపోయింది.

“ఆవాలు ఎక్కడ ఆడించారమ్మా?”

“మిల్లులో. పిండి చేతికి కాలింది కూడాను.”

వేడెక్కిన ఆవపిండి చేదెక్కుతుందని మా అమ్మ ఎండబెట్టి రోట్లో దంచేది, ఆపి ఆపి. ఆ సంగతి చెప్పాను. నోటితో చెప్పింది చాలదనిపించి, బల్ల మీదున్న తెల్లకాగితం తీసుకుని అయిదు గీతలు గీశాను. వాసన, రంగు, రుచి, ముక్క, మొత్తం. ఒక్కోదాని పక్కన రెండు మూడు మాటలు, చివర సంతకం. అయిదు నిమిషాలు పట్టింది. ఇరవై జాడీలకు గంటన్నర, మహా అయితే రెండు గంటలు. సన్మానాలకు అంతకంటే ఎక్కువసేపే పట్టింది. ఇక మీదట ఎవరు పిలిచినా, ఓడినవాళ్లకి చీటీలు రాయనిస్తేనే వస్తానని చెబుతున్నాను.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని కాగితం పైనుంచి కిందిదాకా చదివింది. మడత పెట్టబోయి ఆగింది.

“నూనె మాట రాయలేదేం?”

“నూనె చాలా బావుందండీ. మంచి కమ్మటి పప్పునూనె.”

“అయితే అదీ రాయి.”

కాగితం మళ్లీ తీసుకున్నాను.