మొదటి 348 బైట్లు

ఎమ్మారై యంత్రం తీసిన మెదడు చిత్రం డిస్కు మీదికి చేరేసరికి అంకెల బారుగా మారిపోతుంది. తలకు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్నాయి. ఫైలుకు పొడవు ఒక్కటే ఉంది. ఆ బారులో ఏ అంకె తలలో ఏ చోటిదో తెలియాలంటే ఫైలు మొదట్లో ఉండే హెడర్ చదవాలి. ఇప్పుడా పని నైబాబెల్ లాంటి లైబ్రరీలు క్షణంలో చేసిపెడుతున్నాయి. అయినా మెదడు చిత్రాలతో పనిచేసేవాళ్లు ఒక్క ఫైలునైనా బైటు బైటుగా సొంతంగా చదివి తీరాలని నా గట్టి నమ్మకం. లైబ్రరీ హెడర్ చెప్పినదాన్ని నమ్ముతుంది. హెడర్‌ను ప్రశ్నించాల్సింది మనమే.

ఈ రంగంలో ఎక్కువగా వాడే నిఫ్టీ ఫార్మాట్‌కు పూర్వీకురాలు అమెరికాలోని మేయో క్లినిక్‌లో పుట్టిన అనలైజ్ 7.5. అందులో ఒక్కో చిత్రానికి రెండు ఫైళ్లు: ఒకదానిలో 348 బైట్ల హెడర్, మరోదానిలో వట్టి వాక్సెళ్లు, అంటే చిత్రాన్ని కూర్చే చిన్న చిన్న ఘనాల విలువలు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అండతో 2000 తర్వాతి తొలి ఏళ్లలో నిఫ్టీ-1ను రూపొందించినవారు పాత ప్రోగ్రాములు మూలపడకూడదని హెడర్ పొడవును అలాగే ఉంచారు. పెద్దగా వాడకంలో లేని గడులకు కొత్త అర్థాలిచ్చారు. రెండు ఫైళ్లను ఒకటిగా కలిపే వీలు కూడా కల్పించారు.

మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 152 మంది స్కాన్లను సగటు చేసి తయారుచేసిన నమూనా మెదడును తీసుకుందాం. దాని 2 మిల్లీమీటర్ల రూపం ఎఫ్ఎస్ఎల్ సాఫ్ట్‌వేర్‌తో పాటే వస్తుంది. మొదటి రెండు బైట్లు 31, 139 అని కనిపిస్తే ఫైలు ఇంకా జిజిప్ మూటలోనే ఉందన్నమాట. ముందు మూట విప్పాలి. తర్వాత లినక్స్‌లోని ఓడీ ఆదేశంతో బైట్లను మామూలు దశాంశ అంకెల్లో చూడొచ్చు.

మొదటి నాలుగు బైట్లు 92, 1, 0, 0. చిన్న స్థానం ముందు రాసే ఇంటెల్ పద్ధతిలో వీటి విలువ 92 + 256, అంటే 348. హెడర్ తన పొడవును తానే చెబుతోంది. అదే ఫైలును పాత సన్, సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాల మీద రాసి ఉంటే 0, 0, 1, 92 అని ఉండేది. తిప్పి చదవడం మరిచిపోతే 348 కాస్తా 154,35,69,408 అవుతుంది. ఈ ఒక్క అంకెతో బైట్ల వరుస ఎటునుంచో తేలిపోతుంది. ఈ ఏర్పాటు నాకెప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

బైట్లను సున్నా నుంచి లెక్కిస్తే 40వ బైటు దగ్గర 3, 0, 91, 0, 109, 0, 91, 0 ఉంటాయి. మూడు దిశలు, 91, 109, 91 వాక్సెళ్లు. 70వ బైటు దగ్గర అంకెల రకం ఉంటుంది. అక్కడ 4 ఉంటే గుర్తుతో కూడిన రెండు బైట్ల పూర్ణాంకాలు, 16 ఉంటే నాలుగు బైట్ల దశాంశ సంఖ్యలు. 108 దగ్గర చూస్తే వాక్సెళ్లు 352వ బైటు నుంచి మొదలవుతాయని తెలుస్తుంది. ఇక్కడ ఆగి గుణించి చూడాలి: 91 × 109 × 91 అంటే 9,02,629 వాక్సెళ్లు. అంకెల రకం 4 అయితే రెండేసి బైట్ల చొప్పున 18,05,258. ముందున్న 352 కలిపితే 18,05,610. మూట విప్పిన ఫైలు సైజు ఇంతే ఉండాలి. తక్కువగా ఉంటే ఫైలు కాపీ మధ్యలో తెగి ఉంటుంది, లేదా అంకెల రకం తప్పుగా నమోదై ఉంటుంది. ఈ లెక్కకు నిమిషం పట్టదు. అయినా దీన్ని చేయకుండానే విశ్లేషణలోకి దూకేవాళ్లే ఎక్కువ.

వాక్సెళ్లలో ఎడమ-కుడి దిశ అన్నిటికంటే వేగంగా కదులుతుంది, తర్వాత ముందు-వెనుక, చివర కింద-పైన. సున్నా నుంచి లెక్కిస్తే 45, 63, 36 వాక్సెల్ కావాలనుకుందాం. 36ను 109తో గుణించి 63 కలిపి, దాన్ని 91తో గుణించి 45 కలిపితే 3,62,862 వస్తుంది. రెట్టింపు చేసి 352 కలిపితే 7,26,076. ఆ బైటుకు నేరుగా వెళ్లి రెండు బైట్లు చదివితే అదే ఆ వాక్సెల్ తీవ్రత. 112, 116 బైట్ల దగ్గర గుణకం, కూడిక ఉంటాయి. గుణకం సున్నా కాకపోతే వాటిని వర్తింపజేశాకే అసలు విలువ తెలుస్తుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సినవి 280వ బైటు నుంచి వచ్చే పన్నెండు సంఖ్యలు. నాలుగేసి చొప్పున మూడు వరుసలుగా ఉండే ఇవి వాక్సెల్ సంఖ్యలను తలలోని చోటుగా మారుస్తాయి. మన నమూనాలో మొదటి వరుస -2, 0, 0, 90. అంటే వాక్సెల్ సంఖ్య పెరిగేకొద్దీ కుడి నుంచి ఎడమకు పోతున్నాం. 45ను -2తో గుణించి 90 కలిపితే సున్నా. మిగతా రెండు వరుసలూ కలుపుకుంటే మనం ఎంచుకున్న వాక్సెల్ సరిగ్గా నిరూపకాల మూలబిందువు దగ్గర పడుతుంది. అనలైజ్ కాలంలో ఈ సంఖ్యలు లేవు. ఏ వైపు ఎడమో ఒక్కో ప్రోగ్రాము ఒక్కోలా అనుకునేది. మెదడు ఇంచుమించు సౌష్ఠవంగా ఉంటుంది గనుక తిరగబడిన చిత్రం కంటికి తప్పుగా తోచదు. శస్త్రచికిత్సకు ముందు భాషాకేంద్రం ఎటువైపు ఉందో చూసేచోట ఈ పొరపాటు ఎంత దూరం వెళ్తుందో ఊహించవచ్చు.

నిఫ్టీ వచ్చాక కూడా ఫార్మాట్లు మార్చే క్రమంలో ఈ పన్నెండు సంఖ్యలు చెదరవచ్చు. అందుకే కొన్ని ల్యాబుల్లో స్కాన్‌కు ముందు తలకు ఒక పక్కన విటమిన్ ఈ మాత్ర అంటిస్తారు. లోపలి నూనె వల్ల అది చిత్రంలో తెల్లటి చుక్కగా మెరుస్తుంది. ఏ పక్కన పెట్టారో రికార్డులో రాసుకుంటారు. ఆ చుక్క పడిన వాక్సెల్‌ను వెతికి, పన్నెండు సంఖ్యలతో లెక్కకట్టి, రికార్డుతో పోల్చాలి. రెండూ కలవకపోతే ఆ ఫైలు విశ్లేషణకు వెళ్లకూడదు.