సౌదీలో వకీలు పని

మొహమ్మద్ అల్ కహ్తానీ వకీలు కాదు. రియాద్‌లో విదేశాంగ శాఖ నడిపే దౌత్య అధ్యయన సంస్థలో అర్థశాస్త్రం చెప్పేవారు. ప్రభుత్వ జీతం, ప్రొఫెసర్ హోదా. ఆయనకు తోడు అబ్దుల్లా అల్ హామిద్ సాహిత్యం చెప్పిన పంతులు. వీళ్లూ, ఇంకొందరూ కలిసి 2009లో సౌదీ పౌర, రాజకీయ హక్కుల సంఘం పెట్టారు. ఆ సంఘం చేసిన పని చూస్తే మాత్రం వృత్తిలో తలపండిన వకీళ్లు చేసినట్టే ఉంటుంది.

విచారణ లేకుండా ఆరు నెలలకు మించి ఎవరినీ లోపల ఉంచకూడదని సౌదీ నేర విచారణ చట్టంలోనే ఉంది. సంఘం వాళ్లు, ఏళ్ల తరబడి లోపలున్న వాళ్ల కుటుంబాలను కూర్చోబెట్టుకుని, ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎక్కడ పెట్టారు, ఎవరు కలవనిచ్చారు అని అడిగి రాసుకున్నారు. ఆ కాగితాలతో, అదే చట్టం చూపించి, హోంశాఖ మీద ఫిర్యాదుల మండలి అనే పరిపాలనా న్యాయస్థానంలో దావాలు వేయించారు. ఐక్యరాజ్య సమితి ఒడంబడికల కంటే ముందు, రాజుగారి సంతకంతో వచ్చిన చట్టాన్నే బల్ల మీద పెట్టారు. హక్కుల వకాలత్‌లో ఇంతకంటే గట్టి ఎత్తు నాకు తెలియదు. ప్రభుత్వానికి కోపం తెప్పించేదీ ఇదే.

మనకు ఈ దారి కొత్త కాదు. వరంగల్ కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పే పౌర హక్కుల కార్యకర్త బాలగోపాల్ 1985లో ఉద్యోగం వదిలేశారు. తర్వాత లా చదివి హైకోర్టులో నల్లకోటు వేసుకున్నారు. క్లాస్‌రూమ్ నుంచి కోర్టు దాకా ఆయన నడిచిన దారిలో జైలూ ఉంది, దెబ్బలూ ఉన్నాయి. కానీ చివర కోర్టు తలుపు తెరిచే ఉంది. కహ్తానీ దారి ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది. 2013 మార్చిలో పదేళ్ల శిక్ష వేసి, సంఘాన్ని రద్దు చేశారు. 2022 అక్టోబరు నుంచి ఆయన జాడ ఇంటివాళ్లకు తెలియలేదు. శిక్షాకాలం అదే ఏడాది చివర్లో అయిపోయినా, ఆయన బయటికి వచ్చింది 2025 జనవరిలో. ఆయనలాగే జైలుపాలైన అల్ హామిద్ 2020 ఏప్రిల్‌లో నిర్బంధంలో ఉండగానే పోయారు.

మరి అసలు వకీళ్ల సంగతి? కతీఫ్‌లో సామూహిక అత్యాచారానికి గురైన యువతికే 2007లో కొరడా దెబ్బల శిక్ష వేస్తే, ఆమె తరఫున నిలబడిన అబ్దుల్‌రహమాన్ అల్ లాహిమ్ లైసెన్సు లాక్కున్నారు. ఆ డిసెంబరులో రాజు ఆమెకు క్షమాభిక్ష ఇచ్చారు. వలీద్ అబూ అల్ ఖైర్ తన కక్షిదారు, బ్లాగరు రైఫ్ బదావీ కోసం వాదించి, చివరికి తనే బోనెక్కారు. 2014లో ఉగ్రవాద వ్యతిరేక చట్టం కింద 15 ఏళ్లు. అందులో ఐదేళ్లు మాఫీ అయ్యే వీలుండేది. కోర్టును ఒప్పుకోను, క్షమాపణ చెప్పను అన్నందుకు అప్పీలులో మొత్తం ఖాయం చేశారు. 2018లో కహ్తానీ, హామిద్, అబూ అల్ ఖైర్ ముగ్గురికీ కలిపి రైట్ లైవ్లీహుడ్ అవార్డు వస్తే, తీసుకోవడానికి ముగ్గురిలో ఒక్కరూ బయట లేరు.

ఇదంతా చదివి, అక్కడ హక్కుల చదువుకు చోటే లేదనుకుంటే పొరపాటు. ప్రభుత్వంలో దానికి కుర్చీ ఉంది, పెద్ద కుర్చీయే. 1992 నాటి పాలనా మూలచట్టం 26వ అధికరణంలో షరియాకు లోబడి మానవ హక్కులను రాజ్యం కాపాడుతుందని రాసి ఉంది. 2005లో ప్రభుత్వ మానవ హక్కుల కమిషన్ వచ్చింది. 2022 నుంచి దాని అధ్యక్షురాలు హలా అల్ తువైజ్రీ, ఆ పదవిలోకి వచ్చిన తొలి మహిళ.

ఆ కుర్చీని వెక్కిరించడం సులువు. నేను వెక్కిరించను. 2009లో మనుషుల అక్రమ రవాణా నిరోధక చట్టం వచ్చింది. 2018లో కార్మిక వివాదాలు మంత్రిత్వ శాఖ కమిటీల నుంచి న్యాయశాఖ కింద ఉండే కార్మిక కోర్టులకు మారాయి. 2021 మార్చి నుంచి కఫీల్ (యజమాని) అనుమతి లేకుండా కొన్ని షరతులతో ఉద్యోగం మారొచ్చు, ఖురూజ్ (దేశం విడిచే అనుమతి) తీసుకోవచ్చు. ప్రభుత్వం లోపల కూర్చుని ముసాయిదా రాసేవాడు లేకుండా ఇవేవీ రావు. అయితే ఆ 2021 ముసాయిదాలోనే ఇంటి డ్రైవరు, ఇంటి పనిమనిషి, కాపలాదారు, తోటమాలి, గొర్రెల కాపరి, ఈ ఐదుగురినీ బయట వదిలేశారు. రాయచోటి నుంచో కోనసీమ నుంచో ఇంటి పనికి వెళ్లిన ఆడమనిషీ, కామారెడ్డి నుంచి వెళ్లి ఎడారిలో గొర్రెలు కాసేవాడూ ఆ ఐదుగురిలోనే ఉన్నారు. లోపల కూర్చుని రాసేవాడిని, బయట నిలబడి నిలదీసే వకీలు లేకపోతే జరిగేది ఇదే.

మా వైపు కోర్టుల్లో భూమి తగాదాల, చెక్‌బౌన్సుల మధ్య సౌదీ వెళ్లొచ్చిన వాళ్ల కాగితాలూ వస్తూనే ఉంటాయి. అకామా (నివాస పత్రం) జిరాక్సు, ఏజెంటు తెల్లకాగితం మీద రాసిచ్చిన రసీదు, అరబ్బీలో ఒక పేజీ. "ఇదేం కాగితం?" అంటే "పైసలిస్తమని సంతకం పెట్టించుకున్నరు సార్" అంటారు. చదివించి చూస్తే అది రాజీనామా. దాని ఖరీదు లెక్క కట్టి చూడండి. రెండు వేల రియాళ్ల జీతం మీద ఎనిమిదేళ్లు చేసినవాడిని కంపెనీయే పంపేస్తే సర్వీసు డబ్బు మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల, మిగతా మూడేళ్లకు నెల చొప్పున 11,000 రియాళ్లు. తనే రాజీనామా చేస్తే మూడింట రెండు వంతులు, 7,333. ఒక్క సంతకానికి 3,667 రియాళ్లు పోయాయి. ఇంకో రకం కాగితం ఉంటుంది, నాకు రావాల్సిందంతా ముట్టింది అని. దాని మీద సంతకం పడితే ఆ తర్వాత డబ్బు రాబట్టడం కష్టం.

సౌదీలో వీళ్ల పక్కన నిలబడేది ఎవరంటే, పగలు అకౌంటెంటుగానో ఫోర్‌మన్‌గానో పనిచేసి, సాయంత్రాలూ శుక్రవారాలూ ఎంబసీ పత్రం జేబులో పెట్టుకుని లేబర్ ఆఫీసుకూ, జవాజాత్ (పాస్‌పోర్టు ఆఫీసు)కూ, డిపోర్టేషన్ సెంటర్‌కూ తిరిగే మన తెలుగువాళ్లు, మలయాళీలు. చట్టం చదవలేదు, బార్ కౌన్సిల్ నంబరు లేదు. యజమాని హురూబ్ (పారిపోయాడని ఫిర్యాదు) పెట్టిన కార్మికుడికి ఎక్కడ ఏ కాగితం ఇవ్వాలో వాళ్లకు తెలిసినంత మన లా కాలేజీల్లో ఎవరికీ తెలియదు. నా దృష్టిలో ఇవాళ సౌదీలో మన జనానికి హక్కుల వకీళ్లు వాళ్లే.

తెలంగాణ యూనివర్సిటీ, కాకతీయ లాంటి చోట్ల లా చదివే పిల్లలకు గల్ఫ్ కార్మిక చట్టం ఒక పేపరుగా పెట్టాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థల్లో అరబ్బీ చదవగలిగిన ఒక్క మనిషిని కూర్చోబెట్టాలి. ఇవి రెండూ రియాద్ అనుమతి అక్కర్లేని పనులు. ఈలోగా మీ ఇంట్లోంచి ఎవరైనా సౌదీలో ఉంటే, ఈ శుక్రవారం ఫోన్ చేసినప్పుడు కాంట్రాక్టు, అకామా, జీతం పడ్డ మెసేజీలు ఫొటో తీసి పంపమనండి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పండి. ఉద్యోగం ముగిసిన 12 నెలల్లోగా దావా వేయకపోతే అక్కడి కార్మిక కోర్టు దాన్ని తీసుకోదు.