పళ్లు చూసి పందెం, పని చూసి పేరు

పెద్దముడియం చుట్టుపక్కల కుందూ ఒడ్డున నేలంతా నల్లరేగడి. వాన పడితే అడుగు తీసి అడుగు వేయనివ్వదు, ఎండితే నెర్రెలిచ్చి బిగుసుకుపోతుంది. ట్రాక్టర్లు రాకముందు ఈ నేలలో శనగో జొన్నో పత్తో పండాలంటే మడక, గొర్రు, గుంటక మూడూ లాగగల ఎద్దులుండాలి. కోతలయ్యాక అవే ఎద్దులు బండికి కట్టుకుని జమ్మలమడుగుకో ప్రొద్దుటూరుకో సరుకు చేర్చాలి. ఆ పనుల్లో చాలావరకు ఇప్పుడు యంత్రం చేతికి పోయాయి. అయినా సంక్రాంతి, శివరాత్రి, ఉగాది, ఊరి తిరునాళ్లు వచ్చాయంటే ఈ ప్రాంతంలో బండలాగుడు పోటీల ఫ్లెక్సీలు లేస్తాయి, ఒంగోలు గిత్తల జతలు వాహనాల్లో వచ్చి దిగుతాయి. సేద్యంలో పని పోయిన ఎద్దుకు మైదానంలో ఇంత గిరాకీ ఎందుకు? ఇది డబ్బున్నవాళ్ల పరపతి వ్యవహారమే తప్ప సేద్యానికి సంబంధం లేదని కొందరంటారు. పరపతి ఉన్నమాట నిజమే. బహుమతిని మించి జత మీద ఖర్చు పెట్టేవాళ్లు లెక్కలు చూసుకుని పందెంలోకి దిగరు. కానీ పందెం దేన్ని కొలుస్తోందో చూడకుండా దాన్ని కొట్టిపారేస్తే, ఎద్దును ఎద్దుగా కొలిచే ఆఖరి కొలబద్దల్లో ఒకటి మన చేతిలోంచి జారిపోతుంది.

కొలత బండ కన్నా ముందు ఎద్దు నోటి దగ్గర మొదలవుతుంది. పశువుకు పై దవడ ముందు భాగంలో పళ్లుండవు, కింది దవడలో ఎనిమిది ఉంటాయి. రెండేళ్లు దాటాక నడిమి జత పాలపళ్లు ఊడి పెద్ద పళ్లు వస్తాయి. ఆ తర్వాత ఒక్కో జతా మారుతూ నాలుగు, నాలుగున్నర ఏళ్లకు నోరు నిండుతుంది. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అంటూ విభాగాలు పెట్టడం, ఆపైన జూనియర్లు, సీనియర్లు అని విడగొట్టడం ఈ లెక్కలోంచి వచ్చినవే. ఐరోపాలో పోనీల పోటీలకు మూపు దగ్గర ఎత్తు కొలుస్తారు. నాడాలు లేకుండా 148 సెంటీమీటర్లు దాటితే దాన్ని గుర్రాల్లో కలిపేస్తారు. ఎత్తు కొలిస్తే వయసు తెలియదు. మన రైతులు వయసునే పట్టుకున్నారు, ఎముక ముదరని కోడెను నిండు ఎద్దు లాగే బండకు కట్టకుండా అడ్డుకట్ట వేశారు. దీనికి కాగితాలు అక్కర్లేదు, నోరు తెరిపిస్తే చాలు. పాలపళ్ల నాడు కాడి కిందికొచ్చిన గిత్త పళ్లు మారేకొద్దీ ఒక్కో మెట్టూ ఎక్కుతుంది, దాని పందెపు జీవితమంతా ఆ దవడ మీదే రాసి ఉంటుంది.

ఇక లాగుడు. గీత గీసిన బాటలో, ఇచ్చిన నిమిషాల్లో జత ఎన్ని అడుగులు లాగిందన్నదే తీర్పు. కొత్తగా చూసేవాళ్లు ఇదంతా కండబలమేననుకుంటారు. కానీ నిలిచి ఉన్న బండను కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్న బండను కొనసాగించడానికి కావలసిన దానికంటే ఎక్కువ. బాట చివరికి చేరిన ప్రతిసారీ ఎద్దులను తిప్పి బండను మళ్లీ మొదటి నుంచి కదపాలి. అందుకే మలుపులో తడబడిన జత, ఎంత బలమున్నా, అడుగుల లెక్కలో వెనకబడుతుంది. ఎలపట ఎద్దు ఒక క్షణం ముందు, దాపటది ఒక క్షణం వెనక పట్టుబట్టాయంటే కాడి వంకరపోతుంది, బలం మెడల మధ్యే వృథా అవుతుంది. జత కుదరడమంటే ఎత్తు, రంగు కలవడమే కాదు, రెండూ ఒకే కేకకు ఒకే క్షణంలో మెడ వంచాలి. దానికి నెలల తరబడి తోలాలి. ఉలవలు, జొన్న చొప్ప పెట్టి మేపడం డబ్బుంటే ఎవరైనా చేయగలరు, ఈ తోలకం మాత్రం కొనుక్కుంటే రాదు. రోజంతా చేసే పనిలో ఎద్దు తన బరువులో పదో వంతు, మహా అయితే ఏడో వంతు బలంతో లాగుతుందని పశుశక్తిని లెక్కగట్టినవాళ్లు చెబుతారు. బండ అంతకు కొన్ని రెట్లు అడుగుతుంది, కొద్ది నిమిషాలే అడుగుతుంది. మంచి తోలరి ఆ కొద్ది నిమిషాల బలాన్ని మలుపుల కోసం దాచి ఖర్చు చేయిస్తాడు.

ఈ నైపుణ్యం ఎవరికి కావాలని అడగవచ్చు. ఒంగోలు జాతికి వచ్చిన ప్రమాదమేమీ లేదు, బ్రెజిల్ నిండా అదే కదా అనేవాళ్లూ ఉన్నారు. నెల్లూరు పేరే పెట్టుకుని అక్కడ నెలోర్‌గా వెలసిన జాతికి మూలం మన పశువులే. 1960ల తొలినాళ్లలో వెళ్లిన ఆబోతుల్లో ఒకదానికి ఒంగోలు దగ్గరి కరవది పేరే ఉండేది. 2023లో వయాటినా-19 అనే నెలోర్ ఆవుకు వేలంలో నలభై లక్షల డాలర్లు మించిన విలువ కట్టారు కూడా. అయితే అక్కడ జాతిని ఎంచింది మాంసం కోసం. ఎంత త్వరగా బరువు పెరుగుతుందన్నది అక్కడి ప్రశ్న, కాడి కింద ఎంత నిదానంగా నడుస్తుందన్నది ఎవరూ అడగరు. పశువును దేనితో కొలిస్తే కొన్ని తరాలకు అది దానికి తగ్గట్టే మారుతుంది. గుంటూరు దగ్గర లాం పశు పరిశోధన కేంద్రం జాతిని కాపాడుతోంది, సంతోషం. కానీ పని చేయించి చూడనిదే పనిగుణం బయటపడదు. ఆ చూపు ఇంకా పెద్ద ఎత్తున మిగిలింది ఈ పందేల్లోనే. ఒక మెలిక ఉంది: గెలిచిన ఎద్దు విత్తుకొట్టినదైతే దాని గుణం దానితోనే పోతుంది. అందుకే గెలిచిన జతతోపాటు దాన్ని కన్న ఆవు ఏది, ఆబోతు ఏది అన్నది రాసిపెట్టే అలవాటు లేకపోతే ఈ వాదనకు బలం సగానికి పడిపోతుంది.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ హింస. దీన్ని సంప్రదాయం పేరు చెప్పి దాటవేయడం కుదరదు. 2011లో కేంద్రం ఎద్దును ప్రదర్శనకు వాడరాని జంతువుల జాబితాలో చేర్చింది, 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిలిపివేసింది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చుకున్న సవరణ చట్టాలను. ఆ మూడింటిలో మన బండలాగుడు లేదు, ఆ తీర్పును చూపించి ఇక్కడ నిశ్చింతగా ఉండటం పొరపాటు. అంతకు చాలా ముందే, బరువు లాగే పశువుల కోసం 1965లో చేసిన కేంద్ర నిబంధనలు ముల్లుకర్ర వాడకాన్ని నిషేధించాయి. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పశువును పనికి కట్టరాదన్నాయి. కడప జిల్లాలో ఉగాదికీ శ్రీరామనవమికీ ఎండ ఎంతుంటుందో చెప్పనక్కర్లేదు. పొద్దున్నే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ముగించడానికి ఏ సంప్రదాయమూ అడ్డు రాదు. చెర్నాకోల మాట కూడా అంతే. దెబ్బకు కదిలిన ఎద్దు ఎంత దూరం లాగినా అది దాని పనిగుణానికి రుజువు కాదు, భయానికి రుజువు. కొలతగా చూసినా కొరడా తప్పే, ఎందుకంటే అది కొలబద్దను చెడగొడుతుంది. గుర్రపు పోటీల్లో కొరడా మితిమీరితే శిక్ష వేస్తారు, దూరపు పరుగుల్లో మధ్యలో ఆపి పశువైద్యుడు గుండె వేగం చూస్తాడు, అది నిర్ణీత స్థాయికి దిగకపోతే గుర్రం అక్కడితో ఆగిపోవలసిందే.

ఆ గుర్రాల నుంచే మనం నేర్చుకోదగ్గది ఇంకొకటుంది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో చేరిన ఈవెంటింగ్ అనే పోటీ అశ్వికదళ అధికారుల గుర్రాలకు పెట్టిన పరీక్ష. మాట వినడం, మైదానాలు దాటి పరుగెత్తడం, అడ్డంకులు దూకడం, అన్నీ ఒకే గుర్రం చేసి చూపాలి. యుద్ధాల్లోంచి గుర్రం తప్పుకుంది, పరీక్ష మాత్రం మిగిలింది. అన్ని పనులూ వచ్చిన గుర్రానికి, పోనీకి ఈనాటికీ విలువ ఉండటానికి అది ఒక కారణం. మన రైతు ఎద్దు కూడా అలాంటి బహుముఖ పశువే. బండలాగుడు దానిలో ఒక్క గుణాన్ని బాగా కొలుస్తుంది, మిగతావాటిని వదిలేస్తుంది. పేరు కోసం బండ బరువు పెంచుకుంటూ పోయే ధోరణి ముదిరితే, మలుపు తెలిసిన ఎద్దు పోయి బరువైన ఎద్దు మిగులుతుంది. అదే మైదానం పక్కన ఒక చెక్క పొలం ఉంచి చాలు తప్పకుండా దున్నే పోటీ, పత్తి సాళ్ల మధ్య మొక్క విరగకుండా గుంటక తోలే పోటీ కలిపితే? సాళ్ల మధ్య అంతరసేద్యానికి ఇప్పటికీ ఎద్దులను పిలిచేవాళ్లున్నారు కనుక ఇది ఉత్తి ప్రదర్శనగా మిగలదు.

అలాంటి పోటీకి జనం రారు, ఊరి పెద్దలు ఖర్చు పెట్టరు అన్నది చివరి అభ్యంతరం. కావచ్చు. చాలు నిటారుగా వచ్చిందని ఈలలు వేసే గుంపును ఊహించుకోవడం కష్టమే. కానీ బండలాగుడు దగ్గర ఏళ్ల తరబడి చూస్తున్న పెద్దలు ఎక్కడ నిలబడతారో గమనిస్తే, బాట మధ్యలో కాదు, చివర, ఎద్దులు తిరిగే చోట. చెర్నాకోల లేకుండా, ఒక్క కేకతో జత తిరిగి బండను మళ్లీ కదిపితే వాళ్లు మెచ్చుకునేది దాన్నే. నిర్వాహకులు ఆ మలుపుకు మార్కులు వేయడంతో మొదలుపెట్టవచ్చు, దానికి కొత్త ఖర్చేమీ లేదు.